గద్దలు సముద్రం దాటే చోట: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో ఇరుకు సముద్రాల మీదుగా గద్దలు వలస వెళ్లడం గురించి చిన్న బాక్స్ ఐటమ్ వేశాం, దానికి ఇన్ని ఉత్తరాలు, ఇన్ని వాట్సాప్ మెసేజ్‌లు వస్తాయని అనుకోలేదు, అందులోనూ ఎక్కువ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచే వచ్చాయి. ఇంటికొకరు మలేసియానో సింగపూరో గల్ఫో వెళ్లిన ఊళ్లు కదా, దూరం పోయేవాళ్ల కబురంటే మనవాళ్లకి పట్టింపు ఎక్కువ. అన్నిటికీ చోటు లేదు గనక కొన్నే తీసుకున్నా, ఒకే ప్రశ్న నలుగురు అడిగితే ఒకరి ఉత్తరమే వేశా, మిగతావాళ్లు ఏమనుకోవద్దు.

మావోడు మలేసియాలో వెల్డర్ పని చేస్తన్నాడు మేస్టారూ. మార్చిలో లీవు దొరికిన రోజు పోర్ట్ డిక్సన్ దగ్గర బీచికి ఎల్తే అక్కడ లైట్‌హౌస్ కాడ బోల్డుమంది జనం బైనాక్యులర్లు పట్టుకుని ఆకాశం కేసి చూస్తన్నారంట, సముద్రం మీంచి గద్దలు గుంపులు గుంపులుగా వస్తన్నాయంట. వీడియో పెట్టేడు గానీ నాకు చుక్కలు తప్ప ఏటీ కనబళ్లేదు. అవి ఏ గద్దలు, ఎక్కణ్నుంచి వస్తన్నాయి, అంత సముద్రం ఉండగా ఆ లైట్‌హౌస్ కాడికే ఎందుకు వస్తన్నాయి?
— ఒక అమ్మ, టెక్కలి దగ్గర

అమ్మా, మీ అబ్బాయి మంచి రోజున మంచి చోట నిలబడ్డాడు. దాని పేరు తంజుంగ్ తువాన్, సముద్రంలోకి పొడుచుకొచ్చిన చిన్న కొండ, దాని మీద పాత లైట్‌హౌస్, చుట్టూ కాస్త అడవి. ఎదురుగా అవతలి ఒడ్డున సుమత్రా పక్కన రూపత్ అనే దీవి ఉంటుంది, మధ్యలో ఉన్నది మలక్కా జలసంధి. ఆ జలసంధి కొన్నిచోట్ల వందల కిలోమీటర్ల వెడల్పు, ఇక్కడ మాత్రం 38 కిలోమీటర్లు. మీ ప్రశ్నకి సగం జవాబు ఆ అంకెలోనే ఉంది.

మీవాడు చూసినవాటిలో ఎక్కువ తేనె గద్దలు. ఇవి ఎలకల్నీ కోడిపిల్లల్నీ తన్నుకుపోయే రకం కాదు, కందిరీగల గూళ్లు, తేనెపట్లు పీకి లోపలున్న పిల్ల పురుగుల్ని తింటాయి. వాటి మొహం దగ్గరగా చూస్తే చేప పొలుసుల్లా చిన్న చిన్న గట్టి ఈకలు ఒకదాని మీద ఒకటి అతుక్కుని ఉంటాయి, ఈగలు ఎంత కుట్టినా ముల్లు దిగదు. మన దగ్గర కూడా ఉంటాయి ఇవి, పెద్ద చెట్ల మీద తేనెపట్టు ఉన్నచోట ఓపిగ్గా చూస్తే దొరుకుతాయి. అక్కడ కనబడేవి మాత్రం జపాన్, చైనా, రష్యా తూర్పు కొస నుంచి చలికాలం గడపడానికి సుమత్రా, జావా దాకా దిగినవి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు పిల్లలు పెట్టుకోడానికి మళ్లీ పైకి పోతుంటాయి.

ఇవి సుమత్రా ఒడ్డున ఊరికే దూకెయ్యవు. పొద్దు కాస్త పైకొచ్చి నేల వేడెక్కేదాకా ఆగుతాయి, వేడి గాలి లేవడం మొదలవగానే దాన్ని పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ వీలైనంత ఎత్తుకి పోతాయి, ఇక చాలు అనుకున్నాక రెక్కలు చాపి సముద్రం మీదకి జారుతాయి. నీళ్ల మీద ఆ వేడి గాలి ఉండదు, అందుకని దారి పొడుగునా ఎత్తు తగ్గిపోతూనే ఉంటుంది, మలేసియా ఒడ్డు కనబడేసరికి కొన్ని చెట్ల ఎత్తులోకి వచ్చేసి రెక్కలు కొట్టుకుంటూ వస్తాయి. ఆ కొండ కొస వాటికి ముందుగా తగిలే నేల. పదకొండు నుంచి మూడు గంటల మధ్య లైట్‌హౌస్ కింద నిలబడితే నోరు కొద్దిగా తెరుచుకుని రొప్పుతూ వచ్చే గద్ద పసుపు కన్ను కూడా కనబడుతుంది, అంత దగ్గరగా పోతాయి. అడవి మీదకి రాగానే మళ్లీ వేడి గాలి దొరుకుతుంది, ఇందాక అలసిపోయి వచ్చిన గద్దే రెక్క కదపకుండా రెండు మూడు నిమిషాల్లో చుక్కైపోతుంది. మలేసియన్ నేచర్ సొసైటీ వాళ్లు 2000 నుంచి మార్చిలో అక్కడ గద్దల పండగ చేస్తున్నారు, మీవాడు చూసిన జనం వాళ్లే అయ్యుంటారు.

వచ్చే ఏడు మళ్లీ వెళ్తే వీడియో తియ్యడం పక్కనపెట్టి ముందు కళ్లారా చూడమనండి, తీసినా తెల్ల మబ్బు ముందునుంచి గద్ద పోతున్నప్పుడు తియ్యమనండి, నీలం ఆకాశంలో ఫోన్ కెమెరాకి అవి దొరకవు.

సార్, స్పెయిన్‌కీ ఆఫ్రికాకీ మధ్య ఉన్న జిబ్రాల్టర్ జలసంధి 14 కిలోమీటర్లేనట, అది దాటడానికి పెద్ద పెద్ద గద్దలు రాబందులు రోజుల తరబడి ఒడ్డున ఆగుతాయని మీరే రాశారు. మరి పావురం అంత కూడా లేని డేగలు మహాసముద్రం దాటేస్తాయని ఎక్కడో చదివా. పెద్ద రెక్కలున్నదానికి తేలిక అవ్వాలి కదా?
— ఇంటర్ బైపీసీ, చీపురుపల్లి

ప్రశ్న బాగా వేశావు తమ్ముడూ, పుస్తకాల్లో కూడా చాలామంది ఇక్కడే తడబడతారు.

పెద్ద రెక్క ఉన్నది తేలడానికి, కొట్టుకోడానికి కాదు. శరీరం బరువు పెరిగేకొద్దీ రెక్కలు కొట్టి ఎగరడానికి కావలసిన శక్తి అంతకంటే ఎక్కువగా పెరిగిపోతుంది, ఛాతీ కండ మాత్రం అంత శక్తి ఇవ్వలేదు. ఏడెనిమిది కిలోల రాబందు వరసగా రెక్కలు కొడుతూ ఎంతోసేపు పోలేదు. అందుకే అది నేల మీద లేచే వేడి గాలిని నమ్ముకుంటుంది. సైకిల్‌ని లారీలో వేసుకుని సాలూరు ఘాట్ పైదాకా పోయి అక్కణ్నుంచి పెడల్ తొక్కకుండా కిందికి జారావనుకో, కింద ఇంకో లారీ ఎక్కి ఇంకో ఘాట్, అలా పోతుంటే నువ్వు ఎంత దూరమైనా పోతావు, కాళ్లు నొప్పెట్టవు. రాబందు ప్రయాణం మొత్తం అదే, పైకి ఎక్కించేది గాలి, ముందుకు తీసుకెళ్లేది జారుడు. సముద్రం దగ్గరకి వచ్చేసరికి లారీలు ఆగిపోయాయి, అంతే సంగతి. నేల గంటల్లో వేడెక్కుతుంది, నీళ్లు అంత త్వరగా వేడెక్కవు, ఎండ దాని లోతుల్లోకి పోయి పంచుకుపోతుంది, అందుకని పగలు సముద్రం మీద గాలి నిలువుగా లేవడం చాలా తక్కువ.

ఆ రాబందుల సంగతి ఇంకాస్త చెప్తా. అక్టోబర్, నవంబర్లలో స్పెయిన్ నుంచి ఆఫ్రికా పోయే రాబందుల్లో ఎక్కువ అదే ఏడు పుట్టిన పిల్లలు, సముద్రం ఎప్పుడూ చూడనివి. తరీఫా అనే ఊరి దగ్గర గుంపుగా ఒడ్డు దాటి నీళ్ల మీదకి పోతాయి, ఎత్తు తగ్గడం తెలియగానే ముందున్నది వెనక్కి తిరుగుతుంది, మొత్తం గుంపు తిరిగొచ్చేస్తుంది, కొండ మీద మళ్లీ ఎత్తుకెక్కి మళ్లీ బయల్దేరుతుంది. ఎదురుగా మొరాకో కొండ, జబల్ మూసా, కంటికి స్పష్టంగా కనబడుతూనే ఉంటుంది. గాలి కుదిరిన రోజు దాటేస్తాయి, కుదరని రోజు మొండిగా పోయినవి కొన్ని నీళ్లలో పడి చనిపోతాయి. ఇది చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది, అంత పెద్ద పక్షి, తడిసిన రెక్కలతో లేవలేదు.

చిన్న డేగల దారే వేరు, వాటి బరువు నూటయాభై గ్రాముల దగ్గర్లో ఉంటుంది, రెక్కలు సన్నగా మొన తేలి ఉంటాయి, కొట్టుకుంటూ పోవడానికి పనికొచ్చే రెక్కలు. హారియర్లు అనే సన్నటి గద్దలు, చేపల్ని పట్టే గద్ద కూడా ఈ బాపతే. వీటికి ఇరుకు చోటు వెతుక్కోవాల్సిన అవసరం తక్కువ, ఎక్కడ ఒడ్డు తగిలితే అక్కణ్నుంచి దాటేస్తాయి. కాబట్టి జలసంధి దగ్గర గుమిగూడేవి ముఖ్యంగా బరువైనవి, వెడల్పు రెక్కలవి.

ఒక చిన్న మెలిక కూడా చెప్పి వదిలేస్తా. జపాన్ తేనె గద్దలకి ఉపగ్రహానికి సిగ్నల్ పంపే ట్రాన్స్‌మిటర్లు కట్టి హిగుచి అనే శాస్త్రవేత్త బృందం గమనిస్తే, ఆకురాలు కాలంలో అవి తూర్పు చైనా సముద్రం మీద దాదాపు 700 కిలోమీటర్లు ఒక్క బిగిన దాటి చైనా చేరుతున్నాయని తేలింది, ఎందుకంటే ఆ రోజుల్లో గాలి వెనకనుంచి తోస్తుంది. వసంతంలో తిరిగొచ్చేటప్పుడు ఆ గాలి ఉండదు, అందుకని అవే గద్దలు కొరియా మీదుగా పెద్ద చుట్టు తిరిగి ఇల్లు చేరతాయి. అంటే కిలోమీటర్లు ఎన్ని అన్నదొక్కటే కాదు, గాలి ఎటు ఉంది అన్నది కూడా చూడాలి.

గద్ద ఇంటి మీద తిరిగితే, దాని నీడ పడితే కీడంటారు. మా అత్తగారు పసిపిల్లని వాకిట్లోకి తేనివ్వటం లేదు. నిజమేనా?
— రాజాం

కీడేం లేదమ్మా. గద్ద మీ ఇంటి మీద గుండ్రంగా తిరుగుతోందంటే అక్కడ వేడి గాలి లేస్తోందని అర్థం, రేకుల షెడ్డు, తారు రోడ్డు, ఇటుక బట్టీ, దుక్కి దున్నిన పొలం ఇలాంటివాటి మీద బాగా లేస్తుంది. కోడిపిల్లలుంటే మాత్రం గంప కింద పెట్టుకోండి, అది అత్తగారు చెప్పినా నేను చెప్పినా ఒకటే. పాపని సాయంత్రం పూట ఎత్తుకుని చూపించండి.

మా నాన్న చెప్తంటే నేను ఫోన్లో టైప్ చేస్తన్నాను సార్. కార్తీకంలో ఏటకెల్లినప్పుడు ఒడ్డు కనబడనంత దూరంలో ఒక చిన్న డేగ లాంటిది వచ్చి బోటు మీద వాలిపోనాదంట. ఈపు సీసం రంగు, కాళ్లు నారింజ రంగు, పావురం కన్నా చిన్నది. బోట్లో కొందరు అపశకునం, తోలేద్దాం అన్నారంట, మా నాన్న ఉండనియ్యండ్రా అని ఆపేరంట. కాసేపుండి దానంతటది ఎగిరిపోనాది. అదేటి? మల్లీ వస్తే ఏటి చెయ్యాలి?
— భావనపాడు

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు తల్లీ, ఆయన చేసింది ఎంత మంచి పనో జవాబు చదివితే తెలుస్తుంది.

ఆ రంగులు, ఆ సైజు, ఆ నెల చూస్తే అది మగ అముర్ డేగ అనిపిస్తోంది. ఇందాక చీపురుపల్లి తమ్ముడు అడిగిన చిన్న డేగ ఇదే. రష్యా, మంగోలియా, ఉత్తర చైనా వైపు పుట్టి చలికాలానికి ఆఫ్రికా దక్షిణ కొసకి పోతుంది. అక్టోబర్లో లక్షల డేగలు నాగాలాండ్, ఆ చుట్టుపక్కల ఆగి వానల తర్వాత లేచే రెక్కల చెదల్ని తిని ఒళ్లు చేసుకుంటాయి, నవంబర్లో బయల్దేరి బంగాళాఖాతం మీదుగా మన ద్వీపకల్పం దాటి, అక్కణ్నుంచి అరేబియా సముద్రం మీద సుమారు 3000 కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా సోమాలియా చేరతాయి. వాలడానికి నేలేదీ అక్కడ! అదే రోజుల్లో మన పొలాల మీద గుంపులుగా తిరిగే పసుపు తూనీగలు కూడా ఆ సముద్రం మీదుగానే ఆఫ్రికా వైపు పోతాయని, డేగలు దారిలో వాటిని తింటూ పోతాయని పరిశోధకులు అనుకుంటున్నారు. అలా పోయే పక్షి ఒకటి గాలివాటం తప్పి మీ బోటు కర్ర మీద కాసేపు ఊపిరి తీసుకుంది. దాన్ని తోలేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు.

మళ్లీ ఏ గద్దైనా డేగైనా వాలితే దగ్గరకి పోవద్దు, చేతులూపొద్దు, అది నిలబడ్డ చోటు వదిలేసి వలపని చేసుకోమను. నోట్లో నీళ్లు పొయ్యొద్దు, ఇది చాలామంది జాలితో చేస్తారు, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి పక్షి చనిపోతుంది. అన్నం, చేప ముక్క పెట్టినా తినదు. కింద పడిపోయి లేవలేకపోతే తువ్వాలు కప్పి గోళ్లు గుచ్చుకోకుండా పట్టుకుని గాలి ఆడే అట్టపెట్టెలో చీకట్లో ఉంచి, ఒడ్డుకి రాగానే ఫారెస్టు వాళ్లకి ఫోన్ చెయ్యమను. కాలికి రింగు గానీ వీపున చిన్న యంత్రం లాంటిది గానీ ఉంటే పీకొద్దు, ఫోటో తీసి వాళ్లకి చూపించండి.

వలల మాట వచ్చింది గనక ఒకటి చెప్పాలి. 2012లో నాగాలాండ్‌లో దోయాంగ్ రిజర్వాయరు దగ్గర ఈ డేగలు రాత్రికి చెట్ల మీద వాలేచోట చేపల వలలు కట్టి లక్షకి పైగా పట్టి చంపారని అంచనా. ఆ ఫోటోలు బయటికొచ్చి దేశమంతా గొడవైంది. మరుసటేడు పాంగ్తీ అనే ఆ ఊరి పెద్దలు, చుట్టుపక్కల ఊళ్లు, ఫారెస్టు వాళ్లు కూర్చుని మాట్లాడుకుని వేట ఆపేశారు, 2013లో ఆ వలలు లేవు. ఆ ఏడే మూడు డేగలకి ట్రాన్స్‌మిటర్లు కట్టి నాగా, వోఖా, పాంగ్తీ అని అక్కడి పేర్లే పెట్టారు, ఊరి పేరున్న డేగ ఆఫ్రికా పోయి తిరిగి రావడం ఆ ఊరివాళ్లు చూశారు. ఆ వలలు కట్టినవాళ్లు కూడా మీలాగే చేపల మీద బతికేవాళ్లు, ఆ రాబడి పోగొట్టుకోడానికి సిద్ధపడ్డారు. నాకు వాళ్లంటే చాలా గౌరవం.

నాగాలాండ్ గురించి పేపర్లో చదివాను. జలసంధుల దగ్గర కూడా ఇలా చంపుతారా? అన్నీ ఒకేచోటికి వస్తాయి కదా, చంపేవాళ్లకి అది ఇంకా సులువు కాదా?
— డిగ్రీ విద్యార్థిని, నరసన్నపేట

సులువే. నువ్వు అడిగినదే అసలు బాధ. ఇరుకు చోట నిలబడితే చూసేవాళ్లకి ఎంత వీలో తుపాకి ఉన్నవాడికీ అంతే వీలు.

ఇటలీలో మెస్సీనా జలసంధి ఉంది, సిసిలీ దీవికీ ఇటలీ కొసకీ మధ్య, ఇరుకైన చోట 3 కిలోమీటర్లే. ఏప్రిల్, మే నెలల్లో యూరప్ తేనె గద్దలు ఆఫ్రికా నుంచి అటుగా పైకి పోతాయి, ఎదురుగాలి ఉన్న రోజున కొండ అంచుకి అతుక్కుని తుపాకికి అందేంత కింద నుంచి పోతాయి. అక్కడ మగాళ్లు కాంక్రీటు గదులు కట్టుకుని మరీ వాటిని కాల్చేవాళ్లు. తినడానికి కాదు, ఏడాదికి ఒక్క తేనె గద్దనైనా కొట్టని మొగుణ్ని పెళ్లాం మోసం చేస్తుందని ఒక పిచ్చి నమ్మకం. ఆ పేరు మీద ఒక్కో వసంతంలో వేల పక్షులు పోయేవి.

అన్నా జోర్దానో అని ఒకమ్మాయి, అదే ఊరిది, 1981లో ఆ చంపుడు కళ్లారా చూసింది, అప్పటికి పదిహేనేళ్లు. నీకంటే చిన్నది. ఇంటికి పోయి ఏడ్చి ఊరుకోలేదు, కొండ మీద కాపలా క్యాంపు పెట్టింది, వేరే ఊళ్ల నుంచి దేశాల నుంచి పిల్లల్ని పిలిచింది, ఎన్ని గద్దలు వచ్చాయి ఎన్ని తుపాకులు పేలాయి అని రాసిపెట్టి పోలీసులకి ఇవ్వడం మొదలుపెట్టింది. బెదిరించారు, కారు తగలబెట్టారు. ఆమె ఆగలేదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ తుపాకులు చాలా మటుకు తగ్గాయి, 1998లో ఆమెకి గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం వచ్చింది. ఇప్పటికీ అక్కడ ప్రతి వసంతంలో వాలంటీర్లు కూర్చుంటారు, పని అయిపోలేదని వాళ్లకి తెలుసు.

మన ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో చింతచెట్ల మీద కొంగల్ని ఊరివాళ్లే కాపాడుకుంటున్నారు, ఒక్క పిల్లాడు రాయి విసిరినా పక్కింటాయన కేకలేస్తాడు. ఇటలీ ఒడ్డున నలభై ఏళ్ల నుంచి తేవాలని చూస్తున్నది సరిగ్గా ఆ కేకే.

మాది విజయనగరం, ఉద్యోగం బెంగుళూరు. సెప్టెంబర్లో నేనూ మా ఆయనా టర్కీ గానీ స్పెయిన్ గానీ టూర్ అనుకుంటున్నాం. ఈ గద్దల్ని చూడాలంటే ఏది బెటర్? బైనాక్యులర్ ఎలాంటిది కొనాలి?
— విజయనగరం

గద్దల కోసమే అయితే స్పెయిన్, గద్దలతో పాటు ఊరు కూడా చూడాలంటే ఇస్తాంబుల్.

ఇస్తాంబుల్లో బోస్ఫరస్ జలసంధి ఇరుకైన చోట 700 మీటర్లే, అది దాటడం ఏ గద్దకీ కష్టం కాదు. అక్కడ గుమిగూడడానికి కారణం నల్ల సముద్రం, దాన్ని దాటలేక చుట్టు తిరిగి వచ్చేవన్నీ ఆ సందులోంచి దూరతాయి. సెప్టెంబర్ ఆఖరి వారం మంచిది, చిన్న చుక్కల గరుడాలు అనే గోధుమ రంగు పెద్ద గద్దలు వందల కొద్దీ బారులు తీరి ఊరి మీదుగానే పోతాయి. తెల్ల కొంగలు కావాలంటే ఆగస్టులోనే పోవాలి. ఆసియా వైపు చామ్లిజా కొండ ఎక్కితే చాలు, టీ కూడా దొరుకుతుంది.

స్పెయిన్‌లో తరీఫా అలా కాదు, అక్కడ గాలే యజమాని. తూర్పు గాలిని లెవాంతే అంటారు, పడమటి గాలిని పోనియెంతే అంటారు, పొద్దున్నే లేచి టీకొట్టు ముందు జనం మాట్లాడుకునేది దాని గురించే. తూర్పు గాలి తోస్తే గద్దలు తరీఫా వైపు, పడమటి గాలి తోస్తే జిబ్రాల్టర్ బండ వైపు కొట్టుకుపోతాయి, అందుకని ఏ కొండ మీద నిలబడాలో ముందు రోజు చెప్పలేం. లెవాంతే మరీ జోరుగా ఉంటే నాలుగైదు రోజులు కూడా ఒక్క గద్దా దాటదు, పొలాల్లో, గాలి మరల కింద, కంచెల మీద వేలకొద్దీ కూర్చుని ఉంటాయి. గాలి పడిపోయిన పొద్దున చూడాలి! నల్ల గద్దలు ఆగస్టులోనే ఎక్కువ పోతాయి, అవే లక్ష దాటిన ఏళ్లున్నాయి, తేనె గద్దలు ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబర్ మొదటి వారం దాకా, పాముల్ని తినే గద్దలు సెప్టెంబర్ మధ్య నుంచి. మీరు వారం రోజులైనా ఉండేలా ప్లాన్ చేసుకోండి, రెండు రోజుల కోసం పోయి గాలి కుదరక ఖాళీ ఆకాశం చూసి వచ్చిన వాళ్లు చాలామంది.

ఆ గాలి మరల గురించి కూడా చెప్పాలి. తరీఫా కొండల నిండా అవే, వాటి రెక్కలకి తగిలి రాబందులు చనిపోయేవి. కొన్ని చోట్ల మనుషుల్ని కాపలా పెట్టి, రాబందు అటుగా వస్తుంటే ఆ ఒక్క మరని కాసేపు ఆపడం మొదలుపెట్టారు, చావులు సగానికి తగ్గాయి, దానివల్ల పోయిన కరెంటు వందలో ఒక వంతు కూడా లేదు. ఇంత చిన్న పనికి ఇంత ఫలితం ఉంటుందని తెలిశాక చెయ్యకపోవడానికి ఏ సాకూ లేదనిపిస్తుంది నాకు.

బైనాక్యులర్ 8x42 తీసుకోండి, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేది, ఇంకా ఎక్కువ పవర్‌ది తీసుకుంటే చేతుల్లో వణుకుతుంది, ఆకాశంలో గద్ద దొరకదు. టోపీ, నీళ్లు, కింద పరుచుకోడానికి దుప్పటి, ఎందుకంటే మెడ ఎత్తి చూస్తే గంటలో పట్టేస్తుంది, అక్కడివాళ్లు పడుకునే చూస్తారు.

మన దేశంలో ఇలాంటి జలసంధి లేదా?
— ఇచ్ఛాపురం

ధనుష్కోడికీ శ్రీలంక తలైమన్నార్‌కీ మధ్య ఉంది, సుమారు 30 కిలోమీటర్లు, మధ్యలో ఇసుక తిన్నెలు. హారియర్లు, కాళ్ల నిండా ఈకలుండే బూట్ల గద్దలు చలికాలానికి శ్రీలంక పోతాయి. అయితే మన దేశానికి వచ్చేవాటిలో చాలా పక్షులు మన దగ్గరే ఆగిపోతాయి, వాటికి ఇదే ఆఖరి స్టాపు, అందుకని జిబ్రాల్టర్ లాంటి తొక్కిసలాట అక్కడ ఉండదు.

నేను గవర్నమెంట్ హైస్కూల్లో సైన్స్ చెప్తాను. పిల్లలకి మీ బాక్స్ ఐటమ్ చదివి వినిపిస్తే మనం ఎక్కడికెళ్లి చూడాలి టీచర్ అని పట్టుకున్నారు. స్పెయిన్ చూపించలేను. మా ఊళ్లో ఏం చూపించగలను?
— సోంపేట

టీచరు గారూ, మీ ఊరు తక్కువ ఊరేం కాదు. 2010లో థర్మల్ ప్లాంటు వద్దని బీల అనే చిత్తడి నేల కోసం నిలబడ్డ ఊళ్లు మీవి, ఆ బీల ఉంది గనకే ఇవాళ పిల్లల్ని తీసుకెళ్లడానికి చోటుంది. పైనే చిలికా సరస్సు, కింద నౌపడ ఉప్పు మడులు, పక్కన మహేంద్రగిరి వైపు కొండలు. జలసంధి లేదు కానీ కొండకీ సముద్రానికీ మధ్య మన నేల సన్నటి పట్టీ.

నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు కోతలైన పొలాల మీదకి, బీల గడ్డి మీదకి పొద్దున ఎనిమిదికల్లా వెళ్లండి. నడుమెత్తులో, రెక్కలు కాస్త పైకెత్తి అటూ ఇటూ తూలుతూ గడ్డిని వెతుకుతూ పోయే సన్నటి గద్ద కనబడితే అది హారియర్, మధ్య ఆసియా నుంచి వచ్చినది కావచ్చు. ఒక్కసారి ఆగి గాల్లోనే వెనక్కి తిరిగి కాళ్లు జార్చి గడ్డిలో పడుతుంది, లేచినప్పుడు గోళ్లలో ఎలక ఉందా లేదా అని పిల్లల్ని చూడమనండి, చాలాసార్లు ఉండదు. రాత్రికి నేల మీద గడ్డిలోనే పడుకుంటాయి ఇవి, గడ్డి తగలబెడితే పడకచోటే పోతుంది. వంశధార, నాగావళి సముద్రంలో కలిసే చోట చేప గద్ద కోసం చూడొచ్చు. నిలబెట్టిన కర్ర మీద కూర్చుని తల తెల్లగా, కంటి మీదుగా నల్ల గీతతో ఉంటుంది, చేపని పట్టుకుని ఎగిరేటప్పుడు చేప తల ముందుకి ఉండేలా కాళ్లతో తిప్పుకుంటుంది, అది చూస్తే పిల్లలు మర్చిపోరు.

టెక్కలి దగ్గర పక్షులు గూళ్లు పెట్టే తేలినీలాపురం అందరూ తీసుకెళ్తారు, మీరూ తీసుకెళ్లండి, కానీ అక్కడి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సైబీరియా నుంచి వచ్చాయని మాత్రం చెప్పకండి, అవి మన దేశం లోపల తిరిగేవే.

ఇక లెక్క ఎలా పెట్టాలి అన్నది. స్కూలు గ్రౌండులోంచే మొదలుపెట్టొచ్చు, తొమ్మిదిన్నర దాటాక ఆకాశంలో నల్ల గద్దలు గుండ్రంగా తిరుగుతూ పైకి లేస్తాయి. అలా తిరుగుతున్నప్పుడు లెక్కపెట్టనివ్వకండి, ఒకే గద్దని నాలుగుసార్లు లెక్కపెడతారు. తరీఫాలోనూ తంజుంగ్ తువాన్‌లోనూ లెక్కపెట్టేవాళ్లు చేసేది ఏంటంటే, పైకెక్కడం అయిపోయి అవి ఒకదాని వెనక ఒకటి బారుగా జారడం మొదలుపెట్టేదాకా ఆగుతారు, ఆ బారు ఏదో ఒక గుర్తు దాటుతుంటే లెక్కపెడతారు, మీకు వాటర్ ట్యాంకో సెల్ టవరో ఉంటుంది కదా అది చాలు. ఇద్దరు పిల్లలు చూడాలి, ఒకరు రాయాలి, రాసేవాళ్లు పైకి చూడకూడదు. టైము, ఎన్ని, ఎటు వైపు, గాలి ఎటు నుంచి. గాలి కోసం కర్రకి గుడ్డ పేలిక కట్టండి. సున్నా వచ్చిన రోజు సున్నా అనే రాయించండి, ఆ సున్నా పక్కన గాలి ఎటుందో కూడా. ఈబర్డ్ అనే యాప్ ఉచితం, స్కూలు పేరున అకౌంటు తెరిచి అందులో ఎక్కిస్తే మీ పిల్లల లెక్క మిగతా దేశాల లెక్కల పక్కన చేరుతుంది.

తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో పిల్లల్ని ఒడ్డుకి తీసుకెళ్లొద్దు, కానీ తుపాను పోయిన మర్నాడు గ్రౌండులోంచి తప్పకుండా చూడండి, సముద్రం మీద చిక్కుకున్న పక్షులు ఆ రోజు లోపలికి వస్తాయి. డిసెంబర్ ఆఖరికి మీ పిల్లల నోట్‌బుక్ ఒక పేజీ ఫోటో తీసి పంపండి, ఈ శీర్షికలో వేస్తాం.